ఎవరిచేత?

ఆ రోజుల్లో నరసాపురంలో స్పానిషు తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను బజారులో లేసు దారం అమ్ముకునేవాడు.

పేరు నాగేశ్వరప్రసాద్. కొట్టు తండ్రి పెట్టింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లే లేసు ఎక్కడెక్కడి దేశాలకో వెళుతుంటే, తాము దారం ఉండలు అమ్మి ఊరుకోవడమేమిటని ఆ తండ్రికి మనసులో ఉండేది. ఇంగ్లీషు అందరికీ వస్తుంది, ఎవరికీ రాని భాష ఒకటి కొడుక్కి వస్తే ఆ దేశాల బేరం తమకే దక్కుతుందని తలచి, డిగ్రీ కాగానే ప్రసాద్‌ని హైదరాబాదు పంపించి స్పానిషు చదివించాడు.

ప్రసాద్ స్పానిషు నేర్చుకున్నాడు గానీ బేరానికి పనికొచ్చేది కాదు. అతనికి వ్యాకరణం పిచ్చి పట్టింది. పరిశోధనలో చేరాడు. దేనిమీద పరిశోధన అని ఇంట్లో అడిగితే చెప్పలేక సతమతమయ్యేవాడు. రాముడు రావణుని చంపెను, రామునిచేత రావణుడు చంపబడెను అని బళ్ళో వాక్యాలు తిప్పి రాస్తాం కదా, అలాంటిదే. చంపడం, కొట్టడం, కట్టడం ఏ భాషలోనైనా తిరుగుతాయి. మనసులో జరిగేవాటితోనే చిక్కంతా. స్పానిషులో నచ్చడాన్ని ఎంత తిప్పినా తిరగదు. ప్రేమించడం, భయపడడం మాత్రం తిరుగుతాయి. ఫలానా రాజు ప్రజలచేత ‘భయపడబడ్డాడు’ అన్నట్టు వాళ్ళు నిక్షేపంగా రాసుకుంటారు. కానీ అటువంటి వాక్యాలు పుస్తకాల్లోనే బతుకుతాయనీ, మామూలు మనిషి నోట ఏనాడూ రావనీ ప్రసాద్ వాదన. ఆ వాదన సగం రాశాక తండ్రి గుండెపోటుతో పోయాడు. కొట్టు చూసుకునేవాళ్ళు లేక వచ్చేశాడు. మళ్ళీ వెళదామనుకుంటూనే పెళ్ళి చేసుకున్నాడు. ఆ తరవాత వెళదామనుకోవడం కూడా మానేశాడు.

మనిషి మొదటినుంచీ ముభావమే. కొట్టుకొచ్చాక మరీ అయ్యాడు. దారం నంబరు అడిగితే తీసి ఇచ్చేవాడు, అంతకుమించి మాట ఉండేది కాదు.

ఎనభై మూడో సంవత్సరం శ్రావణమాసంలో, ముసురు పట్టిన ఒక పొద్దున, తెల్లచీర కట్టుకున్న మలయాళీ సిస్టర్ గొడుగు మడుచుకుంటూ కొట్టు మెట్లెక్కింది. పేరు సిస్టర్ లూసీ. గోదావరి దాటి సఖినేటిపల్లి అవతల లంకల్లో ఉన్న ఒక చిన్న కాన్వెంటుకి ఆవిడే పెద్ద. వచ్చీరాని తెలుగులో, మధ్యమధ్య ఇంగ్లీషు కలుపుతూ వచ్చిన పని చెప్పింది. కాన్వెంటులో మదర్ ఇనెస్ అని ముసలావిడ ఉన్నారట. స్పెయిన్ దేశస్థురాలు. అనాథ ఆడపిల్లల్ని చేరదీసి, లేసు నేర్పించి, ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ చోటంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇంగ్లీషు, తెలుగు తుడిచిపెట్టుకుపోయాయి. సొంత భాష మాత్రమే మిగిలింది. రోజంతా ఏదో అంటారు, ఎవరికీ అర్థం కాదు. ప్రార్థన అని తాము అనుకుంటున్నామనీ, ఆవిడ దగ్గరుండే మనిషి మాత్రం కాదంటోందనీ సిస్టర్ చెప్పింది. నరసాపురంలో ఫలానా కొట్టాయనకి స్పానిషు వచ్చని ఫాదర్ గారు చెబితే వచ్చిందట.

ప్రసాద్‌కి వెళ్ళాలనిపించలేదు. ఆ భాష నోటితో పలికి ఏళ్ళయింది. అయినా కాదనడానికి కారణమేదీ దొరక్క మధ్యాహ్నం కొట్టు కట్టేసి, రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాడు. గోదావరి ఎర్రగా ఉంది. పంటు మీద సైకిళ్ళవాళ్ళు, గంపలవాళ్ళు గోనెసంచులు కప్పుకుని నిలబడ్డారు. అతను ఒక మూల నిలబడి, లోలోపల మాటలు కూడబలుక్కున్నాడు.

మదర్ గది చివర్న ఉంది. ఒక ఇనప మంచం, కిటికీ, గోడకి సిలువ. మంచంలో ఉన్న మనిషి ఎముకల పోగులా ఉన్నా, చూపులో మటుకు పదును పోలేదు. కింద చాప మీద నలభై అయిదేళ్ళ స్త్రీ జావ చల్లారుస్తూ కూర్చుంది. మదర్ దగ్గరుండే మనిషి ఆమే, పేరు దేవకుమారి. ఆరేడేళ్ళప్పుడు ఆ కాన్వెంటులో చేరి, పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మదర్‌కి ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్క మార్చడం అంతా ఆమె చేతుల మీదే జరుగుతోంది.

ప్రసాద్ వంగి స్పానిషులో నమస్కారం చెప్పాడు. ముసలావిడ కళ్ళు అతని మీద ఆగిపోయాయి. పెదవులు కదిలాయి. ఇక ఆగలేదు. ఎవరో అక్కగారి పేరు, ఒక కొండ, మంచు, ఆలివ్ తోటలు, ఏవేవో. నాలుక మడతపడి సగం అర్థం కాలేదు. అతను తల ఊపుతూ విన్నాడు. ఉన్నట్టుండి ఆవిడ గొంతు తగ్గించి, స్పష్టంగా, ఒక్కొక్క మాటే అంది.

“ఫుయ్ తెమీదా.”

ప్రసాద్ ఇంకా కిందికి వంగాడు. మామూలు మనిషి నోట రాదని తను పేజీలకు పేజీలు రాసిన వాక్యం. భయపడడాన్ని తిప్పి చెప్పే వాక్యం. చెవితో విన్నాడు. మళ్ళీ అనమని అడిగాడు. ఆవిడ అంది. ఏ అక్షరం మీద ఊనుతోందో, చివర ఇంకేమైనా అంటుందేమో చూడాలని మళ్ళీ అడిగాడు. హైదరాబాదు వదిలిన తరవాత అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. మూడోసారి అడిగేసరికి ముసలావిడ కళ్ళు మూసేసుకుంది.

“ఊరికే అనిపించి అలసట పెడుతున్నారండి,” అంది దేవకుమారి, చాప మీదనుంచి తల ఎత్తకుండా. “ఇంతకీ ఏమంటున్నారు?”

అప్పుడు గుర్తొచ్చింది ప్రసాద్‌కి, తను ఎందుకు వచ్చాడో. సిగ్గుపడ్డాడు. తెలుగులో చెప్పబోతే వాక్యం లొంగలేదు. ‘భయపడబడ్డాను’ అంటే నవ్విపోతారు.

“తనంటే భయపడేవారని అంటున్నారమ్మా.”

“ఎవరండీ భయపడేది?”

“అది చెప్పలేదు.”

“చెప్పకుండా ఎలా అంటారండి?”

“వాళ్ళ భాషలో అనొచ్చు.”

దేవకుమారి జావ గిన్నెలో చెంచా తిప్పింది. “రెండు నెలల్నుంచీ ఈ మాటే అంటున్నారన్నమాట,” అంది. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ ప్రసాద్ భార్యకి ఈ సంగతి చెప్పాడు. అతను బయటి విషయం ఒకటి ఇంట్లో చెప్పడమే అరుదు. మీనాకుమారి విస్తుపోయి వింది. మాటల మధ్య అతను, నేనంటే నీకు భయమా అని అడిగాడు. ఆమె, “భయం కాదండి. మీకు మాట్లాడాలనుండదని తెలిసి నేనూ అలవాటు చేసుకున్నాను,” అంది. ఇంకాస్త చారు పోసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు మదర్ మొహం ఇంకా పీక్కుపోయి ఉంది. అతన్ని గుర్తుపట్టింది. కొండ లేదు, మంచు లేదు, నేరుగా ఆ వాక్యానికే వచ్చింది. ఈసారి దానికి తోక ఉంది. “పోర్ లా పెకేన్యా.” ఆ చిన్నదానిచేత.

ప్రసాద్ ఆ మాటను తెలుగులో చెప్పాడు. చిన్నది భయపడింది, నన్ను చూసి, అంటున్నారని. దేవకుమారి చేతిలో ఉన్న తడిగుడ్డ మంచం పట్టె మీద పెట్టి వరండాలోకి వెళ్ళిపోయింది. అతను కొంచెం ఆగి వెళ్ళాడు. వాన చూరు మీంచి ధారలు కడుతోంది.

“పాపాయండి,” అంది ఆమె. “మా చెల్లెలు.”

తల్లి మూడో పురిట్లో పోతే తండ్రి ఇద్దరినీ తెచ్చి ఇక్కడ వదిలి వెళ్ళాడు. పాపాయి అప్పటికి నడక నేర్చిన పిల్ల. మదర్ కొట్టేవారు కాదని దేవకుమారి చెప్పింది. చూసేవారు, అంతే. ఆవిడ లేసు గదిలోకి వస్తుంటే అడుగుల చప్పుడుకే మాటలు ఆగిపోయేవి. ఒకసారి ఒక పిల్ల పని తప్పించుకోవడానికి జ్వరమని పడుకుంటే, అబద్ధమని కనిపెట్టి అందరి ముందూ మోకాళ్ళ మీద నిలబెట్టారు. ఆ తరవాత వానల్లో పాపాయికి నిజంగానే జ్వరం వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. అబద్ధం అంటారని ఎవరికీ చెప్పలేదు. పళ్ళు టకటకలాడితే వినిపిస్తుందని నోట్లో గుడ్డ కుక్కుకుని, కిటికీ దగ్గర కూర్చుని లేసు అల్లింది. దేవకుమారికి తెలుసు. ఆమె కూడా చెప్పలేదు, అదే భయంతో. పిల్ల ఒరిగిపోయాక మదర్ స్వయంగా ఎత్తుకుని పడవలో వేసుకుని నరసాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. గోదావరి మధ్యలోనే పోయింది.

“మర్నాడు మామూలుగానే గంట కొట్టించారండి. మేం లేచి పనికి కూర్చున్నాం. ఆవిడ ఏడవలేదు. ఆవిడ ఏడిస్తే మేమూ ఏడుద్దామని చూశాం.”

ఆ తరవాత ఇన్నేళ్ళలో పాపాయి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదట.

సత్యం చెప్పాలంటే, ఆ రోజు పంటు మీద తిరిగి వస్తూ ప్రసాద్ వ్యాకరణం గురించి ఆలోచించలేదు. నోట్లో గుడ్డ కుక్కుకున్న పిల్ల గురించే ఆలోచించాడు.

మూడోసారి సిస్టర్ లూసీ కబురు పంపితే వెళ్ళాడు. మదర్ పొద్దుటినుంచీ ఏదో అడుగుతోందనీ, జవాబు రాక జావ కూడా మింగడం లేదనీ చెప్పింది. అతను వెళ్ళి మంచం పక్కన కూర్చోగానే ముసలావిడ ఎడంచేత్తో అతని చొక్కా పట్టుకుంది.

“ఫుయ్ కెరీదా?”

ప్రసాద్‌కి తెలుగు వెతుక్కోవలసి వచ్చింది. చివరికి ఉన్నదున్నట్టు అనేశాడు. “ప్రేమించబడ్డానా అని అడుగుతున్నారమ్మా.”

వింతేమిటంటే దేవకుమారికి ఆ మాట ఎబ్బెట్టుగా అనిపించలేదు. తమ ప్రార్థనల్లో మాటలు అలాగే ఉంటాయంది. తరవాత మంచానికి ఎదురుగా వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళనుంచీ ఎదురుగా చూడని మొహాన్ని ఆమె అప్పుడు చూస్తున్నట్టనిపించింది ప్రసాద్‌కి.

“చెప్పండి,” అంది. “నాకు ఆవిడంటే భయమేనండి. ఈ రోజు వరకూ భయమే. ఒళ్ళు తుడుస్తుంటే కూడా చెయ్యి వణుకుతుంది నాకు. పాపాయీ భయపడే పోయింది. ఇంకోటేదీ లేదు. ఇదే మాట చెప్పండి.”

ముసలావిడ ఆమె వైపు చూసి, అతని వైపు చూసింది. చొక్కా వదల్లేదు. ప్రసాద్ నోరు తెరిచాడు. మంచంలో ఉన్న ఆ మొహం చూస్తూ ఆ మాట అనడం అతని వల్ల కాలేదు. పైగా స్పానిషు అతనికి దారి చూపించింది. ఆ భాషలో ఎవరు ప్రేమించారో చెప్పకుండానే ప్రేమించారని చెప్పెయ్యొచ్చు. “సి, మాద్రే. ఫుయె కెరీదా,” అన్నాడు. అవునమ్మా, ప్రేమించబడ్డారు.

మదర్ ఇనెస్ అతని మొహంలోకి తేరిపార చూసింది. లేసు గదిలో పిల్లల్ని ఎలా చూసేదో అతనికి అప్పుడు తెలిసింది.

“పోర్ కియేన్?”

ఎవరిచేత?

“అందరిచేత,” అన్నాడు ప్రసాద్, ఆమె భాషలోనే.

ఆవిడ చెయ్యి చొక్కా వదిలేసింది. మెల్లిగా, చాలా కష్టం మీద, మొహం గోడవైపు తిప్పుకుంది.

దేవకుమారి అతన్ని వరండాలో ఆపింది.

“నేనన్నది చెప్పారా?”

అతను అబద్ధమాడదామనుకుని ఆడలేకపోయాడు. ఏం చెప్పాడో చెప్పేశాడు. పోయే మనిషి, బాధపెట్టడం ఎందుకని అలా అన్నానన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. “ముప్ఫై ఏళ్ళనుంచీ ఆ మాట నా నోట్లో ఉందండి. చెప్పేందుకు ధైర్యం లేక కొన్నాళ్ళు, చెప్పినా అర్థం కాదని ఈ రెండు నెలలూ ఊరుకున్నాను. ఇవాళ చెబితే మీరు పారేశారు.”

“నమ్మలేదమ్మా ఆవిడ.”

“ఎలా నమ్ముతారు? ఆవిడకి తెలియదా? తెలిసే అడిగారు. తనకి తెలిసింది నిజమేనని ఎవరో ఒకరు తనతో అనాలని అడిగారు. ఇప్పుడు మీరు కూడా భయపడ్డారు ఆవిడకి.”

ఆ మాట ప్రసాద్‌కి సూటిగా తగిలింది. రేవు వరకూ తడుస్తూనే నడిచాడు.

మర్నాడే వచ్చి సరిచేద్దామనుకున్నాడు. కానీ ఎగువన వానలు కురిసి గోదావరి పొంగింది. పంటు ఆపేశారు. రోజూ రేవు దాకా వెళ్ళి నీళ్ళు చూసి వచ్చేవాడు. కొట్లో అడిగిన నంబరు ఒకటైతే ఇంకో నంబరు దారం తీసి ఇస్తున్నాడు. ఎప్పుడు కళ్ళు మూసుకున్నా ‘ఎవరిచేత’ అన్న గొంతే వినిపించేది. మనుషులు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతారని తను పరిశోధనలో ఎక్కడా రాయలేదు.

వరద తీసి పంటు కదిలిన రోజున మొదటి పంటుకే వెళ్ళాడు. మదర్‌కి ఊపిరి ఎగదన్నుతోంది. ఫాదర్ గారు వచ్చి చెయ్యవలసినవి చేసి వెళ్ళారు. దేవకుమారి చాప మీదే ఉంది, నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. ప్రసాద్ తను తప్పు చేశాననీ, ఆమె అన్నది అన్నట్టే ఇప్పుడు చెబుతాననీ అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. “మీరొద్దండి. నాకు నేర్పండి.”

ఇద్దరూ గుమ్మం బయట కూర్చున్నారు. మీరంటే నాకు భయంగా ఉండేదని మనం ఎలా అంటామో స్పానిషులోనూ ఇంచుమించు అలాగే అంటారు, ఇందులో తిప్పడాలేవీ ఉండవని అతను చెప్పాడు. ఒక్కో ముక్క పలికించాడు. దేవకుమారి పెదవులు కదుపుతూ, పిల్లలు పాఠం వల్లించినట్టు వల్లించింది. తరవాత లేచి, చీర చెంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“లే తెనీయా మియేదో, మాద్రే,” అంది. మీరంటే నాకు భయంగా ఉండేది. “పాపాయి తాంబియేన్.” పాపాయికి కూడా.

ముసలావిడ కళ్ళు తెరిచింది. ఆమెనే చూసింది. ఆ తరవాత రెండు మాటలు అంది.

“ఇంకోసారి అనమంటున్నారు,” అన్నాడు ప్రసాద్.

దేవకుమారి ఇంకోసారి అంది. మదర్ మళ్ళీ అడిగింది. మళ్ళీ అంది. అలా ఎన్నిసార్లు జరిగిందో ప్రసాద్‌కి తెలియదు. ఒక దశలో దేవకుమారి ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే అంటోంది. ముసలావిడ కళ్ళనుంచి కూడా నీళ్ళు చెవులమీదుగా దిండులోకి కారాయి. ఆవిడ ఎడంచెయ్యి పక్క మీద అటూ ఇటూ కదిలింది, దేనికోసమో. దేవకుమారి ఆ చెయ్యి పట్టుకోలేదు.

కడపట ఆవిడ గుసగుసగా ఇంకొకటి అడిగింది. ప్రసాద్ ఈసారి ఏమీ మార్చకుండా చెప్పాడు. “మరి ఇప్పుడో, అంటున్నారమ్మా.”

దేవకుమారి పైట కొంగుతో తన మొహం తుడుచుకుంది. గుడ్డ తడిపి తెచ్చి మదర్ మొహం తుడిచింది. అతనికి, ఇక వెళ్ళమన్నట్టు తల ఊపింది.

రెండు రోజులకి మదర్ ఇనెస్ పోయింది. సమాధి చేసిన చాలా రోజులకి సిస్టర్ లూసీ మళ్ళీ కొట్టుకొచ్చి, రాతి మీద చెక్కించడానికి ఆవిడ భాషలో ఒక వాక్యం రాసిపెట్టమని అడిగింది. ‘అందరిచేత ప్రేమించబడినది’ అన్న అర్థం వచ్చేలా ఉంటే బాగుంటుందంది. అటువంటి వాక్యం స్పానిషులో ఎంత చక్కగా కుదురుతుందో ప్రసాద్‌కి తెలుసు. తనకి ఆ భాష మరపున పడిపోయిందని చెప్పి, పేరు, సంవత్సరాలు చాలునన్నాడు. సిస్టర్ చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

కార్తీకంలో కాన్వెంటుకి దారం కావాలని కబురొస్తే అతనే పట్టుకెళ్ళాడు. లేసు గదిని ఇప్పుడు దేవకుమారి చూసుకుంటోందని సిస్టర్ చెప్పింది. గది బయటికి పిల్లల మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి. దేవకుమారి అతన్ని చూసి పక్క గదిలోంచి వచ్చి, దారం మూట ఎక్కడ దించాలో చూపిస్తానని ముందు నడిచింది. ఆమె గుమ్మంలో కాలు పెట్టేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. పిల్లలు తలలు వంచుకుని సూదుల మీదికి చూపు దించారు.

దేవకుమారి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నేనేమీ అనలేదండి వీళ్ళని,” అంది అతనితో, నెమ్మదిగా. “ఒక్క మాట అనలేదు.”

ప్రసాద్ మూట గోడవార దించాడు. బయట పంటు హారన్ వినిపించింది. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. పిల్లల్లో ఒక్కరూ తల ఎత్తలేదు.